పాలసొర చారు

పొద్దున్న ఆరు గంటల సైరన్ మోగేసరికి జంషెడ్‌పూర్ భుయ్యాడీహ్‌లోని తెలుగువాళ్ళ లైనులో సగం మంది మగవాళ్ళు కార్ఖానా గేటు దాటి ఉంటారు. ఆడవాళ్ళు బొగ్గుల పొయ్యిలు ఇంటి ముందు పెట్టి రాజేస్తారు. పొగ గాలిని బట్టి సువర్ణరేఖ నది వైపైనా పోతుంది, ఎదురింటి గుమ్మంలోకైనా పోతుంది. బొగ్గు ఎర్రబడి పొగ తగ్గాక, చేతులకి కొంగు చుట్టుకుని పొయ్యిని లోపలికి మోసుకుపోవడం అక్కడి అలవాటు. ఇరవై రెండేళ్ళుగా నూకమ్మ కూడా రోజూ అదే చేస్తూ వచ్చింది.

ఆ రోజు మాత్రం పొయ్యి రాజేసి, విసనకర్ర చేతిలో పట్టుకుని, పైడమ్మ కోసం ఎదురు చూస్తూ గుమ్మంలోనే కూర్చుంది. పైడమ్మ నెలకోసారి రైలెక్కి భీమిలి వెళ్ళి, ఎండుచేపలు తెచ్చి లైనంతా అమ్ముతుంది. టాటానగర్ స్టేషన్లో ఆమె బుట్టను చూస్తే కూలీలు కూడా దారిస్తారు. నెత్తళ్ళు, కవళ్ళు, రొయ్యపప్పు ఎవరికేం కావాలో ఆమెకి అడగకుండానే తెలుసు.

బుట్ట దించీ దించగానే నూకమ్మ అడిగింది, పాలసొర ఉందా అని. పైడమ్మ చెయ్యి బుట్టలోనే ఆగిపోయింది. ఆగదా మరి. కూరకో, పులుసుకో కావాలని పాలసొర కొనేవాళ్ళు ఆ లైనులో లేరు. పురిటి మంచం దిగని పిల్లకి పాలు పడాలంటేనే కొంటారు.

"ఎవులికే?" అంది పైడమ్మ గొంతు తగ్గించి. ఆమెకి తెలియక కాదు.

"నా కూతురికి," అంది నూకమ్మ. ఆమె గొంతు తగ్గించలేదు.

ఏడాదిగా ఆ ఇంట్లో ఆ మాట వినిపించలేదు. నూకమ్మ భర్త పోలరాజు కార్ఖానాలో క్రేను ఖలాసీ. లైనులో పెద్దమనిషి. మొగుడూ పెళ్ళాల తగువైనా, కుళాయి దగ్గర బిందెల తగువైనా ఆయన అరుగు మీదే తీరాలి. ఒక్కగానొక్క కూతురు పద్మకుమారి, మంగళ్ ముర్ము అనే సంతాలీ కుర్రాణ్ణి కోర్టులో పెళ్ళి చేసుకుని అదే ఊళ్ళో సోనారిలో కాపురం పెట్టింది. కుర్రాడు గ్యారేజీలో ఫిట్టరు. తాగుడు లేదు, తిరుగుడు లేదు. అయితే మాత్రం ఏం? పోలరాజు అరుగు మీద నిలబడి, తనకి కూతురు లేదనీ, లైనులో ఎవరి నోటా ఆ పేరు రాకూడదనీ చెప్పేశాడు. ఆయన మాట జవదాటేవాళ్ళు లేరు కాబట్టి ఆ పేరు నిజంగానే ఎవరి నోటా రాలేదు. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలన్నది పిల్లికి కూడా తెలిసిన ఆచారం. పద్మ కాన్పు ఆసుపత్రిలో, మొగుడు ఒక్కడే బయట బెంచీ మీద కూర్చుని ఉండగా జరిగిపోయింది.

ముందు రోజు సాక్చీ బజారుకని చెప్పి నూకమ్మ సోనారి వెళ్ళింది. ఆరు రోజుల ఆడపిల్ల. రొమ్ము పట్టి లాగి, ఏమీ రాక, ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయి ఉంది. పద్మ పిల్లకంటే ఎక్కువ ఏడుస్తోంది. మంగళ్ డబ్బాపాలు కలుపుతున్నాడు. అవి తాగిన ప్రతిసారీ పిల్ల కక్కేస్తోంది. ఏదైనా వండిపెడదామా అంటే ఇంటామె గుడ్డు వాసన తగిలినా గది ఖాళీ చేయిస్తానని ముందే చెప్పి పెట్టింది. తిరిగి వస్తూ దారంతా నూకమ్మ ఒక్క సంగతే ఆలోచించింది.

పైడమ్మ బుట్ట అడుగు నుంచి గుడ్డలో చుట్టిన మూడు ముక్కలు తీసింది. ఇంతకు మించి లేవనీ, మళ్ళీ నెల దాకా రావనీ చెప్పింది. ఆ తరవాత మంచి మనసుతో ఒక ఉపాయం కూడా చెప్పింది. నది ఒడ్డున తన గుడిసె ఉంది, చుట్టూ ఎవరూ తెలిసినవాళ్ళు లేరు, చారు అక్కడ కాచుకుంటే పోలరాజు ముక్కుకి తగలదు.

"వొద్దప్పా," అంది నూకమ్మ. "దొంగతనంగా కన్నానేటి దాన్ని? నా కూతురికి చారు నా పొయ్యి మీదే కాత్తాను."

ఇంటి గుట్టు లంకకు చేటంటారు. పాలసొర విషయంలో గుట్టన్నదే లేదు. ఎండిన సొర మూట విప్పితే చాలు, కళ్ళలో నీళ్ళు తిరిగేంత ఘాటు. తెలియనివాళ్ళు కుళ్ళిపోయిందని పారేస్తారు. తెలిసినవాళ్ళు బియ్యం కడిగిన నీళ్ళలో నానేస్తారు. నూకమ్మ ఒక ముక్కను అలా నానేసి, పైన సలసల కాగే నీళ్ళు పోసి, మొండికత్తి తీసుకుని తోలు మీద ఇసుక గీకడం మొదలుపెట్టింది. సొర తోలు మీద గరుకంతా ఇసుకే. ఒక్క రేణువు మిగిలినా చారంతా పంటికింద కరకరమంటుంది. గీకి, కడిగి, మళ్ళీ గీకి, ఏడు నీళ్ళు మార్చింది.

ఎర్రబడ్డ పొయ్యిని లోపలికి తీసుకుపోకుండా వీధిలోనే ఉంచి, దాని మీద కుండ పెట్టింది. మొదటి ఉడుకు నీళ్ళు పారబోసింది. ఆ నీళ్ళు కాలవలో పడి లైను ఈ చివర నుంచి ఆ చివరకి పారాయి. వాటితోపాటు వాసనా పారింది.

ఒక్కొక్క తలుపే తెరుచుకుంది. అందరికీ అర్థమైపోయింది. ఈ లైనులో ఏ ఇంటి నుంచి ఆ వాసన వచ్చినా ఆ ఇంట్లో బాలింత ఉన్నట్టే. పోలరాజు ఏడాదిపాటు నోళ్ళన్నీ మూయించాడు గానీ ముక్కులు మూయించడం ఆయన తరం కాలేదు.

పక్కింటి బంగారమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకోకుండా నేరుగా వచ్చి పొయ్యి ముందు నిలబడింది. నూకమ్మ గరిటె కింద పెట్టి నడుం నిటారు చేసింది. అనాల్సిందేదో బంగారమ్మే అనాలి. ఆ హక్కు ఆమెకుంది. మూడేళ్ళ కిందట ఆమె కూతురు ఒక బీహారీ కుర్రాడితో వెళ్ళిపోతే, పోలరాజు అదే అరుగు మీద అదే తీర్పు చెప్పాడు. పండగ పందిట్లోకి కూడా ఆ పిల్లని రానివ్వలేదు. అప్పుడు నూకమ్మ మొగుడి వెనక తల వంచుకుని నిలబడింది. కన్నతల్లి ఏడుస్తుంటే ఒక్క ముక్క మాట్లాడలేదు.

"ఎల్లుల్లి వొలిసినావా?" అని అడిగింది బంగారమ్మ.

బంగారమ్మ పీట లాక్కుని కూర్చుని, గంపలోంచి వెల్లుల్లి గడ్డ తీసి రెబ్బలు విడదీయడం మొదలుపెట్టింది. కాసేపటికి ఆమె చేతులు ఆగిపోయాయి.

"నాను బయపడిపోనానప్పా. మా బుజ్జి మొదటి పురిటికి నాను గుక్కెడు చారు కాయనేదు. ఈ వోసనకే బయపడిపోనాను. ఇప్పుడు దానికి రెండోసారి, ఏడో నెల," అంది.

"తప్పు మాది, బంగారీ. నాను నోరు మూసుకున్నాను," అంది నూకమ్మ. అంతకంటే ఎక్కువ మాట్లాడితే ఇద్దరూ అక్కడే కూలబడేవారు. అందుకని మిరియాలు, జీలకర్ర, శొంఠి రోట్లో వేసి దంచడానికి కూర్చుంది. బాలింతకి కారం మిరియాలదే ఉండాలి. చింతపండు పాతదై, కొంచెమే పడాలి. ఉడికిన సొరను ముళ్ళు తీసి చిదిమి, రెండో ఉడుకు నీళ్ళలో మళ్ళీ వేసి, దంచిన పొడి కలిపి, సన్న సెగ మీద మరగనిచ్చింది. చివర్లో నువ్వుల నూనెలో వెల్లుల్లి రెబ్బలు ఎర్రగా వేయించి పోపు వేసింది. అప్పటికి ఘాటంతా పోయి, కమ్మటి వాసన వేస్తోంది. తిననివాడికి కూడా ఆకలి పుట్టించే వాసన.

పోలరాజు సైకిలు రెండున్నరకి లైను మొదట్లో ఆగింది. అక్కడి నుంచి ఆయన సైకిలు నడిపించుకుంటూ వచ్చాడు. కుళాయి దగ్గరున్నవాళ్ళు పక్కకి తప్పుకున్నారు. ఆ వాసన ఏమిటో ఆయనకి ఒకరు చెప్పాలా? పద్మ పుట్టినప్పుడు జంషెడ్‌పూర్‌లో పాలసొర అమ్మేవాళ్ళు లేరు. ఆయన సెలవు పెట్టి భీమిలి పోయి తెచ్చాడు. వాసనకి జనం కూర్చోనివ్వకపోతే వాల్తేరు నుంచి ఖరగ్‌పూర్ దాకా పెట్టె తలుపు దగ్గర, సంచీని బయటికి వేలాడదీసి పట్టుకుని నిలబడ్డాడు. ఆ కథ ప్రతి పండక్కీ ఆయనే చెప్పేవాడు. చెప్పిన ప్రతిసారీ రైలు ఇంకాస్త పొడుగయ్యేది. పద్మ పకపకా నవ్వేది.

సైకిలు గోడకి ఆనించాడు.

"దింపు," అన్నాడు.

నూకమ్మ గరిటె తిప్పుతూనే ఉంది.

"ఒలే నూకీ, నీకే సెప్తన్నాను. లోపలికి తీసుకెళ్ళి కాసుకున్నా ఊరుకుందును. ఈదిలో పెట్టినావు. నా పరువు తియ్యడానికే పెట్టినావు."

"అవును. ఈదిలోనే పెట్టినాను," అంది ఆమె. "నువ్వు దాన్ని ఈదిలోనే కదా కాదన్నావు."

పోలరాజు భుజం మీది తువ్వాలు చేతులకి చుట్టుకుని కుండను పైకెత్తాడు. బంగారమ్మ లేచి నిలబడింది. నూకమ్మ మాత్రం కదలలేదు. గరిటె పక్కన పెట్టి, ఆయన మొహంలోకి చూసింది. పెళ్ళయిన పాతికేళ్ళలో అలా చూడడం అదే మొదటిసారి.

"పారబొయ్యి మావా. ఇంకా రెండు ముక్కలున్నాయి. రేపు మళ్ళీ కాత్తాను. ఎల్లుండీ కాత్తాను. పారబోసినా వోసన పోదు, కాలవ దూరం పారతాది."

కుండ ఆయన చేతుల్లోనే ఉంది.

"ఇరవై ఒక్కేళ్ళ కింద నువ్వు రైల్లో నిలబడి తెచ్చిన సొరే తాగి దానికి పాలిచ్చినాను. కోర్టు కాయితం మీద సంతకం పెట్టిన సెయ్యి ఆ పాలతోనే పెరిగినాది. కూతురు కాదని నువ్వు సెప్పగలవు. ఆ పాలు తాగనేదని సెప్పగలవా? అక్కడ ఏడు రోజుల పిల్ల పాల్లేక అల్లాడతంది. దానికి నీ అరుగూ తెల్దు, నీ తీర్పూ తెల్దు." ఆమె పొయ్యి వైపు చెయ్యి చూపించింది. "నన్ను కూడా ఎల్లగొడతావా, ఎల్లగొట్టు. పొయ్యి పట్టుకునే పోతాను."

రచ్చ గెలిచిన మొనగాడు ఆ రోజు ఇంటి గుమ్మంలో ఓడిపోయి నిలబడ్డాడు. ఓడినట్టు ఒప్పుకోవడం మాత్రం ఆయనకి చేతకాలేదు. కుండను మళ్ళీ పొయ్యి మీద పెట్టేసి, లోపలికి పోయి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. అన్నం వద్దన్నాడు. నూకమ్మ బతిమాలలేదు.

స్టీలు క్యారియర్లో చారూ అన్నం సర్ది, సాక్చీ దాకా నడిచి, అక్కడ ఆటో ఎక్కింది. సోనారిలో మూత తీయగానే పద్మ కళ్ళు మూసుకుని గట్టిగా ఊపిరి పీల్చింది. చిన్నప్పటి నుంచీ తల్లి తెలుగులో అడిగినా హిందీలోనే జవాబు చెప్పే పిల్ల ఆ వేళ తెలుగులోనే అడిగింది.

"ఇంట్లో కాసినావా అమ్మా? నాన్న ఏటన్నాడు?"

"తాగు. ముందు తాగు," అంది నూకమ్మ.

పద్మ గిన్నె ఎత్తి ఆఖరి చుక్క దాకా తాగింది. మంగళ్ గుమ్మం పక్కన నిలబడి, ఇది ఎలా చేస్తారో తనకీ నేర్పమని హిందీలో అడిగాడు. తన తల్లి పద్ధతిలో మూడు రోజులుగా ఏవో ఆకులు ఉడికించి పెడుతున్నాననీ, ఏదీ పని చేయలేదనీ, తప్పు చేసినవాడిలా చెప్పుకున్నాడు. పద్మ పుట్టినప్పుడు పోలరాజు కూడా ఇలాగే దిక్కుతోచక తిరిగాడని నూకమ్మకి గుర్తొచ్చింది. అల్లుడి చెయ్యి పట్టుకుని, ముందు ఇంకో గది వెతకమనీ, తరవాత నేర్పుతాననీ చెప్పింది.

రెండో రోజూ, మూడో రోజూ పొయ్యి వీధిలోనే వెలిగింది. ఇంట్లో మాత్రం మాటల్లేవు. పోలరాజు డ్యూటీకి పోతున్నాడు, వస్తున్నాడు, గోడవైపు తిరుగుతున్నాడు. ఆయన అరుగు మీదికి తగువుతో ఎవరూ రాలేదు. మూడో రోజు సాయంత్రం సోనారి నుంచి తిరిగి వచ్చిన నూకమ్మ బంగారమ్మతో, పోలరాజుకి వినపడేలాగే చెప్పింది. పాలు పడుతున్నాయి, పిల్ల రెండు గంటలు నిద్రపోయింది. సొర అయిపోయింది. పైడమ్మ వచ్చేది నెల తిరిగాకే.

నాలుగో రోజు పోలరాజు డ్యూటీ నుంచి ఇంటికి రాలేదు. సాయంత్రానికి తెలిసింది, అసలు డ్యూటీకే పోలేదు, నాలుగు రోజులు సెలవు రాసిచ్చాడని. కొక్కేనికి వేలాడే పాత గోనెసంచీ కనిపించలేదు. పార్వతీపురంలో ఉన్న చెల్లెలి దగ్గరికి పోయి ఉంటాడని లైను అనుకుంది. పెళ్ళాం మీద అలిగి పోయాడన్నారు. పోతే పోనీ అంది నూకమ్మ పైకి. పొద్దుపోయే దాకా మాత్రం లైను మొదటి వైపే చూస్తూ గుమ్మంలో కూర్చుంది. పాతికేళ్ళలో చెప్పకుండా గడప దాటని మనిషి.

అయినా పొయ్యి ఆరనివ్వలేదు. మెంతులూ వెల్లుల్లీ వేసి జావ కాచింది. బంగారమ్మ పరిగ చేపలు తెచ్చి ఇచ్చింది. ఇంకొకామె నువ్వుల నూనె ఇచ్చింది. పద్మ పేరు ఒక్కొక్కరి నోటా బయటికి వచ్చింది. మొదట గుసగుసగా, తరవాత మామూలుగా. అయినా జావ జావే. పిల్ల మళ్ళీ రాగం అందుకుంది.

శుక్రవారం పొద్దున్న కుళాయి దగ్గర బిందెల వరుస ఉంది. నూకమ్మ గుమ్మం పక్కన బొగ్గు పగలగొడుతోంది. ఉన్నట్టుండి గాలిలో ఘాటు తగిలింది. తన కుండ ఖాళీగా ఉంది. తల ఎత్తి చూసింది.

పోలరాజు నడిచి వస్తున్నాడు. చొక్కా నలిగిపోయి, గడ్డం మాసిపోయి ఉంది. గోనెసంచీని ఒంటికి దూరంగా, చెయ్యి చాపి పట్టుకున్నాడు. కుళాయి దగ్గర పళ్ళు తోముకుంటున్న గణపతిరావు ముక్కు మూసుకుని, ఊరికే అడిగినట్టు అడిగాడు, ఏమిటి బావా ఆ కంపు అని. జవాబు వాడికీ తెలుసు. లైనుకంతా తెలుసు. బిందె నిండి పొంగిపోతున్నా కుళాయి ఎవరూ కట్టెయ్యలేదు.

పోలరాజు ఆగాడు. గొంతు సవరించుకున్నాడు. ఏడాది కిందట తీర్పు చెప్పిన గొంతే అది.

"పాలసొర. మా పద్మకి పురుడొచ్చింది. ఆడపిల్ల," అన్నాడు.

నూకమ్మ చేతిలోని సుత్తి కింద పెట్టేసింది. కళ్ళ నిండా నీళ్ళొచ్చాయి గానీ తుడుచుకోలేదు. పోలరాజు వాకిట్లోకి వచ్చి, సంచీ దించి, అందులోంచి రెండు మూటలు తీశాడు. ఒకటి నూకమ్మ ముందు పెట్టాడు. రెండోది పట్టుకుని పక్కింటి గుమ్మం దాకా నడిచాడు. ఇంత వయసులో ఆయన అలా తల వంచుకుని నడవడం లైను ఎప్పుడూ చూడలేదు.

"బంగారమ్మా, మీ బుజ్జికి ఏడో నెలని గోడ అవతలనుంచి ఇన్నాను. ఇది దాసి ఉంచు. పురుడు ఇక్కడే సేద్దారి. తీర్పు సెప్పింది నానే. తప్పింది కూడా నానే."

బంగారమ్మ మూట అందుకుని ఒళ్ళో పెట్టుకుని, ఆ ఘాటంతా పట్టించుకోకుండా మొహం దాంట్లో దాచుకుంది.

తిరిగి వచ్చి ఆయన పొయ్యి ముందు చతికిలబడ్డాడు. కాళ్ళు వాచి ఉన్నాయి. ఈసారి కూడా కూర్చోనివ్వలేదా అని నూకమ్మ అడిగింది. ఖరగ్‌పూర్ దాకా నిలబడ్డానని ఆయన చెప్పాడు. ఆమె టీ పెట్టి ఇచ్చింది. తాగడం అయ్యాక మొండికత్తి తెచ్చి చేతికిచ్చింది.

"ఏటిది?" అన్నాడు.

"ఇసక. నాను మూడు రోజులు గీకినాను. ఇయ్యేల నువ్వు గీకు. ఒక్క రేనువున్నా ఊరుకోను."

పెద్దమనిషి వీధిలో, అందరి ఎదుటా, మోకాళ్ళ మధ్య గిన్నె పెట్టుకుని సొర తోలు గీకడం మొదలుపెట్టాడు. అడ్డంగా గీకుతున్నాడు. నిలువుగా గీకమని ఆమె గదమాయించింది. మాట్లాడకుండా నిలువుగా గీకాడు. నాలుగో నీళ్ళు మార్చాక, కత్తి మీద నుంచి చూపు తిప్పకుండానే అడిగాడు.

"ఆడు... ఆ మంగళ్... తింటాడేటి ఇది?"

"నాకేటి తెల్సు?" అంది నూకమ్మ, కుండ కడుగుతూ. "క్యారియర్ నువ్వే పట్టుకుని ఎల్లి నువ్వే అడుగు. ఇందీలో అడుగు."

ఆయన తల ఊపి, ఇంకో నీళ్ళు పొయ్యమని గిన్నె ముందుకు చాపాడు.